కరక్కాయ గుడ్డ మీద అమ్మ చిలక

మొదటి రోజు

తెల్లవారుజామున తిరుపతి స్టేషన్లో దిగగానే అమ్మ కుచ్చెళ్లు పైకి దోపుకుని పరుగుకి సిద్ధమైంది. "ఎక్కడికీ పరిగెత్తక్కర్లేదమ్మా, ముందు కాఫీ తాగుదాం" అన్నాను. నమ్మలేదు. ఆమె తప్పేం లేదు. ఏలూరు నుంచి మేం తిరుపతి వచ్చినప్పుడల్లా ఇదే వరస. రైలు దిగడం, స్నానం చేయడం, కొండెక్కడం, క్యూలో గంటలు నిలబడడం, దర్శనం, లడ్డూలు, రాత్రికి మళ్లీ రైలు. నాకు ఊహ తెలిశాక పదిసార్లు వచ్చి ఉంటాం. తిరుపతి ఊరు మాత్రం ఒక్కసారీ చూడలేదు.

ఈసారి ఆరు రోజులు పెట్టుకున్నాం. రోజుకి ఒక్క చోటు, మహా అయితే రెండు. కారు మాట్లాడుకోకూడదు. బస్సో, ఆటోనో, కాళ్లో. సెలవు కూడబెట్టడానికి నాకు దాదాపు ఏడాది పట్టింది.

ఈ ఆలోచన రావడానికి కారణం మా హాల్లో ఉన్న అద్దాల బీరువా. అందులో ప్లాస్టిక్ తాజ్‌మహల్ ఉంది, ఊరి పేరు చెక్కిన శంఖాలున్నాయి, కీ చెయిన్లయితే లెక్కే లేదు. దసరాకి దుమ్ము దులిపేటప్పుడు ఒక్కోటీ చేతిలోకి తీసుకుని "ఇదెక్కడ కొన్నాం?" అనుకుంటాం. ఎవరికీ గుర్తుండదు. అందరికీ కథ తెలిసినవి రెండే రెండు: అమ్మమ్మ తెచ్చిన ఎర్రచందనం ఆలుమగల బొమ్మలు. అమ్మమ్మ ఎప్పుడో పది రోజులు తిరుపతి సత్రంలో ఉండి, బొమ్మలు చెక్కే ఇంటి గడప దగ్గర రోజూ కూర్చుని, పని అయ్యాక వాటిని పట్టుకొచ్చిందట. పిల్లలకి దెబ్బ తగిలి వాస్తే ఆ మగ బొమ్మ అడుగునే సానరాయి మీద అరగదీసి పట్టు వేసేవారు. అలా అరిగీ అరిగీ ఆ బొమ్మ ఇప్పుడు ఒక పక్కకి ఒరిగి నిలబడుతుంది. మా మేనమామల మోకాళ్లన్నీ ఆ వాలులో ఉన్నాయి.

సాయంత్రం గోవిందరాజస్వామి గుడి చుట్టూ తిరిగాం. పూలు, పసుపు కుంకాలు, ఇత్తడి సామాను, ఫొటో ఫ్రేములు. ఒక ముసలాయన దుకాణంలో ఎర్రచందనం బొమ్మలు అడిగితే తల అడ్డంగా ఊపాడు. "ఆ కాలం పోయిందమ్మా. ఇప్పుడా చెక్క ముట్టుకోవాలంటే సవాలక్ష రూల్సు" అని చెప్పి, తన దగ్గరున్నవి వేరే చెక్కవే అని తనే చూపించాడు. ఎర్రచందనం పుట్టిల్లు ఈ శేషాచలం, దాన్ని ఆనుకున్న పాలకొండ, వెలిగొండ కొండలే. ఈ కొండలు, వీటి చుట్టుపక్కల తప్ప ప్రపంచంలో ఇంకెక్కడా తనంతట తాను మొలవదు. దొంగ నరుకుడు ఎంత జరిగిందో పేపర్లో చదువుతూనే ఉంటాం కాబట్టి, ఆ కట్టడి ఉండడమే నాకు నచ్చింది. ఆ ముసలాయన నిజం చెప్పడం ఇంకా నచ్చింది.

ఇంకో దుకాణంలో మాత్రం తొందరపడ్డాను. నెమళ్ల కలంకారీ దుపట్టా కనిపించింది. "శ్రీకాళహస్తిలో చేత్తో వేసిందే మేడం" అన్నారు. పద్దెనిమిది వందలకి తీసేసుకున్నాను. దీని సంగతి నాలుగో రోజు చెప్తాను.

రెండో రోజు

అలిపిరి. పాదాల మండపం దగ్గర ఇత్తడి పాదుకలు తల మీద పెట్టుకుని ప్రదక్షిణ చేశాం. పైకి 3,550 మెట్లు, తొమ్మిది కిలోమీటర్ల దారి. అమ్మకి అరవై ఒకటి. ఎక్కగలదా అని నాకు రాత్రంతా టెన్షన్. కానీ నడక మొదలయ్యాక తెలిసింది, త్వరగా వెళ్లాలనే తొందర తీసేస్తే మెట్లు అంత కష్టం కావని. యాభై మెట్లు ఎక్కడం, కూర్చోవడం, మజ్జిగ తాగడం. పక్కన ఒకావిడ ప్రతి మెట్టుకీ పసుపు రాసి కుంకుమ పెట్టుకుంటూ వస్తోంది. కూతురికి పెళ్లి కుదిరితే ఇలా వస్తానని మొక్కుకుందట. మేం కూర్చున్నప్పుడల్లా ఆమె మమ్మల్ని దాటేది, మేం లేచాక ఆమెని దాటేవాళ్లం. గాలిగోపురం వచ్చేసరికి అమ్మకీ ఆమెకీ వియ్యంకుల గురించి మాటలు కలిసిపోయాయి.

గాలిగోపురం దాటాక దారి చదునవుతుంది. చెట్ల నీడ, అక్కడక్కడ జింకలు. చివర్లో మోకాళ్ల పర్వతం మళ్లీ నిటారుగా లేస్తుంది. కొండంతా స్వామి స్వరూపమే కాబట్టి పాదం మోపకూడదని రామానుజాచార్యులు మోకాళ్ల మీద ఎక్కారంటారు. చిన్నవయసులో అన్నమయ్య కాళ్లకి చెప్పులతోనే వచ్చి, అలిసిపోయి నిద్రపోతే అలమేలుమంగమ్మ కలలో కనిపించి చెప్పులు తీసి ఎక్కమన్నదీ ఇక్కడే అంటారు. ఆ కథ ఎన్నోసార్లు విన్నాను. ఆ రాతి మీద ఒళ్లు వాల్చి విన్నది ఈసారే.

మొత్తం ఏడు గంటలు పట్టింది. పైన కూర్చుని అమ్మ నాకు కుమ్మరి భీముడి కథ చెప్పింది. తొండమాన్ చక్రవర్తి బంగారు పూలతో పూజ చేస్తుంటే, స్వామి పాదాల దగ్గర మట్టి పూలు కనిపించేవట. అవి ఎక్కడివా అని వెతుక్కుంటూ వెళ్తే ఒక కుమ్మరి. పని మధ్యలో, చేతికంటిన మట్టితోనే పూలు చేసి అర్పించేవాడు. ఇప్పటికీ గర్భగుడి గడప అయిన కులశేఖర పడి దాటి స్వామి దగ్గరికి వెళ్లే నైవేద్యం ఓడులో పెట్టిన పెరుగన్నమే అంటారు. ఓడంటే పగిలిన కుండ ముక్క. చేతి పని చేసే మనిషికి ఇంత గౌరవం ఇచ్చిన కొండ ఇది.

మర్నాడు పొద్దున్నే దర్శనం అయింది. దాని గురించి రాసేంత మాట నా దగ్గర లేదు. లడ్డూలు తెచ్చుకున్నాం. తిరుపతి లడ్డూకి 2009 నుంచి భౌగోళిక గుర్తింపు ఉంది. వేరేచోట చేసి ఆ పేరు పెట్టకూడదు. కానీ లడ్డూ అద్దాల బీరువాలో పెట్టుకునేది కాదు, చిదిపి వాకిలి వాకిలికీ పంచేది. పది ఇళ్ల వాళ్లు కళ్లకద్దుకుంటే ఆ యాత్ర పది ఇళ్లకీ వెళ్లినట్టు.

మూడో రోజు

కొండ దిగాక మధ్యాహ్నం దాకా నిద్ర. అమ్మ పిక్కలకి కొబ్బరినూనె. సాయంత్రం బస్సెక్కి చంద్రగిరి వెళ్లాం. విజయనగర రాజుల చివరి రాజధానుల్లో ఇదొకటి. రాజమహల్లో ఇప్పుడు మ్యూజియం ఉంది. చెక్క దూలాలు వాడకుండా ఇటుక, రాయి, సున్నంతో కట్టిన మేడ. గోడల దళసరి వల్ల లోపల చల్లగా ఉంది. కోనేటి గట్టున కూర్చున్నాం. ఏమీ కొనలేదు. రాత్రికి ఒక చిన్న హోటల్లో రాగి సంగటి, చెనక్కాయల ఊరిబిండి, అంటే వేరుశనగ పచ్చడి. "సంగటిని నమలకూడదు పాపా, పులుసులో ముంచి మింగాల" అని వడ్డించే ఆయన నేర్పాడు.

నాలుగో రోజు

శ్రీకాళహస్తి. బస్సులో గంట ప్రయాణం. రాహుకేతు పూజకి వచ్చినవాళ్లతో గుడి కిటకిటలాడుతోంది. ఇది పంచభూత స్థలాల్లో వాయులింగ క్షేత్రం. గర్భగుడిలో గాలి సోకనిచోట కూడా దీపం కదులుతూ ఉంటుందని చెబుతారు. అమ్మ ఆ దీపం వంకే చూస్తూ నిలబడింది. బయట కొత్త రాజగోపురం. కృష్ణదేవరాయలు 1516లో కట్టించిన గోపురం 2010లో కూలిపోయింది. అమ్మ పెళ్లైన కొత్తలో పాత గోపురం చూసిందట. "దాని కింద నిలబడి మీ నాన్న ఫొటో తీశారు. ఫొటో సరిగా రాలేదు, గోపురం కూడా లేకుండా పోయింది" అంది.

మధ్యాహ్నం కలంకారీ వేసే వీధులు వెతుక్కుంటూ వెళ్లాం. మాకు కలంకారీ తెలియనిది కాదు. మా వైపు పెడనలో చేసేది చెక్క అచ్చులతో. ఇక్కడిది అచ్చంగా కలంతో. 1950లలో దాదాపు అడుగంటిన ఈ పనిని, చేతివృత్తుల కోసం పాటుపడిన కమలాదేవి ఛటోపాధ్యాయ వంటివారు పూనుకుని నిలబెట్టారు. ఇక్కడి గురువుల్లో ఒకరైన జొన్నలగడ్డ గురప్పచెట్టి గారికి 2008లో పద్మశ్రీ వచ్చింది. ఈ వివరాలు ముందే చదువుకుని వెళ్లాను. చదివినదాంట్లో లేనిది వాసన. ఆ ఇంటి వాకిట్లోకి అడుగుపెట్టగానే పులిసిన పాల వాసన, దానిమీద వగరు, దానిమీద ఇనుము తుప్పు వాసన.

ఆ ఇంటాయనకి అరవై దాటి ఉంటాయి. నేల మీద గుడ్డ పరిచి, మోకాలు కింద తొక్కిపెట్టి గీస్తున్నారు. మేం కొనడానికి వచ్చామనుకుని లేవబోతే అమ్మ, "లేవకండి అన్నయ్యగారూ, కాసేపు చూసి వెళ్తాం" అంది. "చూడండి తల్లీ, దానికేముంది" అన్నారు. ఆ కాసేపు చీకటి పడేదాకా సాగింది.

ఆయన కలం చూపించారు. జానెడు వెదురు పుల్ల, కొస సన్నగా చెక్కి ఉంది. కొసకి కొంచెం పైన ఉన్ని గుడ్డ ఉండలా చుట్టి, దారంతో బిగించారు. రంగుని ఆ ఉండ పీల్చుకుంటుంది. బొటనవేలితో ఉండని నొక్కితే రంగు పుల్ల కొస దాకా జారుతుంది. ఎంత నొక్కితే అంత గీత. నెమలి మెడ దగ్గర ఆయన బొటనవేలు దాదాపు కదల్లేదు, గీత వెంట్రుకంత వచ్చింది. వీపు మీదకి వచ్చేసరికి వేలు కొద్దిగా ఒత్తుకుంది, గీత లావెక్కింది. కలం గుడ్డ మీద నుంచి లేవలేదు.

నల్లరంగుని కసిం అంటారు. తుప్పు పట్టిన ఇనుప ముక్కలు, బెల్లం, నీళ్లు కుండలో వేసి రోజుల తరబడి ఊరబెట్టిన నీరు. కుండలో చూస్తే అది నల్లగా ఏం లేదు, పల్చటి బురదనీళ్లలా ఉంది. నల్లబడేది గుడ్డ మీదే. ఎందుకంటే గుడ్డని ముందే కరక్కాయ పొడి కలిపిన పాలలో నానబెట్టి ఆరేసి ఉంచుతారు. కరక్కాయలోని వగరు, కసింలోని ఇనుము కలిస్తే నలుపు. ఇది నేను దగ్గర నుంచి చూశాను. గీసినప్పుడు గోధుమ రంగు చారలా ఉన్నది, రెండు మూడు సార్లు ఊపిరి తీసుకునేలోపు చిక్కబడి, కాటుకలా నల్లబడిపోయింది. "మరి పాలెందుకండీ?" అంటే, "రంగు పాకకుండా. పాలలో జిడ్డుంది గదా, అది గీతని పట్టుకుంటాది. గేదె పాలైతే ఇంకా గట్టి" అన్నారు.

ఎరుపు కథ ఇంకో రకం. ఎర్రగా రావాల్సిన చోట ముందు పటిక నీళ్లు పూస్తారు. అప్పుడేం కనిపించదు. తర్వాత ఆ గుడ్డని మంజిష్ఠ, చవలకొడి వేళ్లతో నీళ్లలో ఉడకబెడితే పటిక తాగిన చోటల్లా ఎర్రబడుతుంది. అంటే గీసేవాడు రంగు కంటికి కనపడకముందే బొమ్మంతా మనసులో చూసుకుని ఉండాలి. మధ్య మధ్య ఉతకడం, ఎండబెట్టడం, మళ్లీ ఉడకబెట్టడం. గుడ్డ పెద్దదైతే నెలలు పడుతుంది. "తొందరగా ఇమ్మని అడుగుతారా ఎవరైనా?" అని అడిగాను. "అందరూ అదే అడుగుతారు పాపా. ఎండని తొందరపెట్టమంటే ఎట్ల?" అన్నారు.

నా నెమళ్ల దుపట్టా సంచిలోంచి తీసి చూపించాను. ఆయన దాన్ని తిరగేశారు. వెనకవైపు దాదాపు తెల్లగా ఉంది. తర్వాత వేలితో ఒక్కో నెమలినీ చూపించారు. మొదటి నెమలి ముక్కు దగ్గర గీత కొద్దిగా తెగింది. రెండోదానికీ సరిగ్గా అక్కడే. మూడోదానికీ అక్కడే. "చేత్తో వేసినోడు ఒకేచోట మూడుసార్లు తప్పు చేయడు. ఇది స్క్రీన్ ప్రింటు. చెడ్డ గుడ్డ కాదు, కట్టుకో పాపా. చేత్తో వేసిందని చెప్పడమే తప్పు" అన్నారు. నాకు డబ్బు పోయిందని బాధ లేదు. "చేత్తో వేసిందే" అన్న రెండు మాటలతో ఒక దుకాణం ఇలాంటి మనిషి నెల కష్టాన్ని ఎంత తేలిగ్గా తనదని చెప్పుకుందో తలుచుకుంటే కడుపు మండింది.

అప్పుడాయన ఆరేసి ఉన్న గుడ్డ నుంచి జానెడున్నర ముక్క కత్తిరించి అమ్మ ముందు పరిచారు. "ముగ్గులు వేస్తారు గదా తల్లీ, ఒక చిలకని వేయండి." కాల్చిన చింతపుల్ల బొగ్గు చేతికిచ్చారు. అమ్మ సిగ్గుపడింది. తర్వాత కొంగు బొడ్లో దోపుకుని కూర్చుని, సంక్రాంతికి వాకిట్లో వేసే చిలకనే వేసింది. బొగ్గు గీత మీద కసింతో దిద్దేటప్పుడు చేయి వణికి ఉండని గట్టిగా నొక్కింది. తోక దగ్గర పెద్ద మచ్చ. "అయ్యో, పాడు చేశానే" అంది నా వైపు చూసి. కసిం పడితే ఇక పోదు. ఆయన కలం అందుకుని మచ్చ చుట్టూ నాలుగు గీతలు గీశారు. అది మామిడి పిందె అయింది. "చిలక ఉంటే కాయ ఉండాల గదా" అన్నారు.

గుడ్డ రాత్రంతా ఆరాలి, మర్నాడు ఉతకాలి. మేం ఆ ఊళ్లోనే ఉండిపోయాం.

ఐదో రోజు

గుడిమల్లం వెళ్లాం. ఊరంతా పొలాలు, మధ్యలో పరశురామేశ్వరాలయం. వెనక నుంచి చూస్తే గర్భగుడి మీది విమానం ఏనుగు వీపులా గుండ్రంగా ఉంటుంది. గర్భగుడి నేల పల్లంలో ఉంది. దాదాపు ఐదడుగుల లింగం, దానిమీద ఒక చేత పొట్టేలుని పట్టుకుని వేటగాడి వేషంలో నిలబడ్డ శివుడు, కాళ్ల కింద ఒక పొట్టి మనిషి. క్రీస్తు పూర్వానిదని పండితులంటారు. మేం వెళ్లినప్పుడు పూజారి తప్ప ఎవరూ లేరు. హారతి వెలుగులో ఆ రాతి ముఖం చూశాక అమ్మ బయటికొచ్చి చాలాసేపు మాట్లాడలేదు.

అక్కడికి దగ్గర్లోనే పాపానాయుడుపేట. ఈ ఊరు గాజు పూసలకి పేరు. ఒక అరుగు మీద ఒకవ్వ పళ్లెంలో ఆవగింజలంత పూసలు పోసుకుని, సన్నటి తీగలు వాటిలో గుచ్చుతూ దారానికి ఎక్కిస్తోంది. చూడకుండానే గుచ్చుతోంది, కళ్లు మా మీదే. "ఏ ఊరు అమ్మణ్ణీ?" అని మొదలుపెట్టి, తన చిన్నప్పటి కొలిమి గురించి చెప్పింది. కరిగిన గాజు ముద్దని ఇనుప గొట్టానికి పట్టించి కొలిమిలో పెడతారు. అవతల నుంచి పనివాడు కొక్కెంతో అందుకుని లాగుతూ పోతే గాజు సన్నటి గొట్టంలా సాగుతూ వస్తుంది. లోపల బోలు అలాగే నిలుస్తుంది. వాటిని ఆడవాళ్లు ముక్కలుగా కోస్తారు. అంచులు పదునుగా ఉంటాయి కాబట్టి బూడిదలో కలిపి మళ్లీ వేడి చేస్తారు. బూడిద బెజ్జంలోకి దూరి అది మూసుకుపోకుండా కాపాడుతుంది, అంచులు కరిగి గుండ్రమవుతాయి. పుదుచ్చేరి దగ్గర అరికమేడు తవ్వకాల్లో దొరికిన రెండు వేల ఏళ్లనాటి గాజు పూసల్లోనూ చాలావరకు ఇలా లాగి చేసినవే. సముద్రాలు దాటి వెళ్లిన పనితనం. అది ఆ అరుగు మీద పాత స్టీలు పళ్లెంలో ఉంది.

అమ్మ నీలం పూసల దండలు మూడు కొంది. ఎంతో తెలుసా, మూడూ కలిపి స్టేషన్లో రెండు కాఫీలంత. ఎక్కువ ఇవ్వబోతే అవ్వ తీసుకోలేదు. మా దగ్గరున్న లడ్డూ ఒకటి ఇస్తే రెండు చేతులతో అందుకుని కళ్లకద్దుకుంది.

సాయంత్రానికి శ్రీకాళహస్తి చేరేసరికి అమ్మ చిలకని ఉతికి తీగ మీద ఆరేశారు. పసుపు ఛాయ గుడ్డ మీద నల్లటి చిలక, తోక దగ్గర పిందె. ఆయన వేసిన గుడ్డ కూడా ఒకటి తీసుకున్నాం. సాలెపురుగు, పాము, ఏనుగు ముగ్గురూ లింగాన్ని కొలిచే బొమ్మ. శ్రీ, కాళ, హస్తి, ఆ ఊరి పేరే. ఆయన చెప్పిన ధరకి బేరమాడలేదు. తిరగేసి చూశాను. వెనక కూడా ఏనుగు ఉంది.

ఆరో రోజు

రైలు శ్రీకాళహస్తిలోనే ఎక్కాం. కిటికీ పక్క సీట్లు. సంచి పైన పెట్టిన కాసేపటికి ఎదురు సీట్లో చిన్న పిల్లతో ఉన్న ఒకావిడ ముక్కు ఎగబీల్చి, "ఏవండీ, పాలు గానీ ఒలికాయా?" అంది.

అమ్మ లేచి సంచి దించింది. చిలక గుడ్డ తీసి ఒళ్లో పరిచింది. "పాలు ఒలకలేదమ్మా, ఇది గుడ్డ వాసన. ముందు కరక్కాయలు దంచుతారు..." అని మొదలుపెట్టింది. ఆ పిల్ల వచ్చి మామిడి పిందె మీద వేలు పెట్టి "ఇదేంటి?" అంది. అమ్మ అక్కడ ఆగి ఆ మచ్చ కథ మొత్తం చెప్పింది. వెంకటగిరి పోయింది, గూడూరు పోయింది. నెల్లూరులో ఇడ్లీల వాళ్లు ఎక్కి దిగారు. అమ్మ ఇంకా పటిక దగ్గరే ఉంది, ఎరుపు రాలేదు.